అవ్వ పాట ఎందుకు మసకబారింది?

తుమ్మలపల్లె అనగానే చాలామందికి యురేనియం గని గుర్తొస్తుంది. నాకు మా అవ్వ గుర్తొస్తుంది. రెండేళ్ల కింద శెనక్కాయలు ఒలుస్తూ అవ్వ పాడుతుంటే మా చిన్నాన్న కొడుకు ఫోన్లో వీడియో తీశాడు. మూడు నిమిషాలే. మొన్న అవ్వ పోయింది. దివసాల రోజు బంధువులందరికీ ఆ పాట వినిపిద్దామని పెద్ద టీవీలో వేశాం. ముఖమంతా గళ్లు గళ్లు. గొంతేమో నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంది.

"యాప్‌లో వేస్తే హెచ్‌డీ అయితాదంట కదన్నా?" అన్నాడు తమ్ముడు. కాదురా అని చెప్పడానికి నాకు నాలుగు మాటలు అవసరమయ్యాయి. మీకూ పనికొస్తాయి, చూడండి.

రెజల్యూషన్: ఒక్కో బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో చెప్పే లెక్క. 1080పీ అంటే 1920 అడ్డం, 1080 నిలువు. మొత్తం 20 లక్షలకు పైగా చుక్కలు. సెకనుకు అలాంటి బొమ్మలు 30. ఉన్నది ఉన్నట్టు దాచాలంటే ఒక్క సెకనుకే 186 ఎంబీ కావాలి!

కోడెక్: అంత దాచలేం కాబట్టి కుదించి రాసి, చూసేటప్పుడు విప్పే పద్ధతి ఇది. వీడియోకి హెచ్.264, ఆడియోకి ఎంపీ3, ఏఏసీ అలాంటివే. కదలని గోడను ప్రతి బొమ్మలోనూ మళ్లీ రాయదు. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం మన చెవికి ఆనదని, దాన్ని వదిలేస్తుంది.

బిట్‌రేట్: సెకనుకు ఎంత డేటా ఖర్చు పెడుతున్నామో చెప్పేది. తమ్ముడు తీసిన అసలు వీడియో 380 ఎంబీ, అంటే సెకనుకు దాదాపు 17 మెగాబిట్లు. మా గ్రూపులో మిగిలింది 14 ఎంబీ. సెకనుకు 0.6 మెగాబిట్లే. గళ్లు పడక ఏమైతాయి?

లాస్‌లెస్, లాసీ: దుప్పటి మడత పెడితే మళ్లీ విప్పుకోవచ్చు. జిప్ ఫైలు అలాంటిది, అది లాస్‌లెస్. శెనక్కాయలు గానుగాడించాక నూనెలోంచి మళ్లీ గింజ తీయలేం. అది లాసీ. మన వీడియోలన్నీ దాదాపు ఈ రెండో రకమే. పైగా స్టేటస్‌కి, అక్కడినుంచి ఇంకో గ్రూపుకి, సేవ్ చేసి మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ ఇంకో గానుగే.

ఇదేం కొత్త బాధ కాదు. రెండొందల ఏళ్ల కింద మన కడపలోనే సి.పి.బ్రౌన్ పండితుల్ని పెట్టుకుని, ఒకే కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్చి చూసేవాడు. ఎందుకంటే నకలుకి నకలు రాసేకొద్దీ తప్పులు పెరిగేవి. ఆయనకి పోల్చుకోవడానికి వేరే ప్రతులైనా దొరికాయి. మాకున్నది ఒకటే నకలు.

మరి హెచ్‌డీ చేసే యాప్‌లు? అవి పోయినదాన్ని వెనక్కి తేవు, ఊహించి పూరిస్తాయి. ముఖం నున్నగా వస్తుంది. కానీ అది మా అవ్వ ముఖం కాదు.

తమ్ముడు ఆ ఫోన్ ఎప్పుడో అమ్మేశాడు. ఆశ వదులుకున్నాక చెల్లెలు చెప్పింది, ఎడిటింగ్ కోసమని అప్పట్లో కేబుల్ పెట్టి తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నానని. వెతికితే దొరికింది, 380 ఎంబీతో సహా. వేసి చూశాం. పాట వెనకాల శెనక్కాయ పొట్టు పటపటమంటున్న చప్పుడు. గ్రూపులో కాపీలో అది అసలు లేనే లేదు. మా నాయన ఆ చప్పుడు విని లేచి బయటికి పోయాడు.

ఈ రోజే ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల వీడియో ఏదుంటే దాని అసలు ఫైలు ఎవరి ఫోన్లో ఉందో కనుక్కోండి. వీడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. రెండుచోట్ల దాచండి. ఫోన్ అమ్మే ముందైతే ఇంకోసారి చూసుకోండి.