వేకువను కోల్పోయిన సంగీతము
గోవాలోని అంజునా తీరమున 1990 ప్రాంతమున రూపు దాల్చి, నిమిషమునకు సుమారు 140 తాళాఘాతములతో రాత్రినంతయు మెల్లమెల్లగా పైకెత్తి వేకువ వెలుగునకు అప్పగించెడి గోవా ట్రాన్స్ సంగీతము జన్మస్థానముననే క్షీణించుటకు శ్రోతల అభిరుచి మారుట యొక్కటే కారణము కాదు. చాపలు పఱచి, కిరసనాయిలు దీపముల చెంత తేనీరు కాచి అమ్మిన గ్రామస్త్రీలకును, ఇసుకలో నర్తించిన పరదేశీయులకును ఉమ్మడియైన ఆ దీర్ఘరాత్రియే దానికి ప్రాణము; 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటల వఱకు ఆరుబయట ధ్వనివర్ధకములను నిషేధించుటతో ఆ ప్రాణమునకే గండి పడినది. రోగికిని పసిబిడ్డకును నిద్ర అవసరము గనుక ఆ నిబంధనను నేను తప్పుపట్టను. కాని శబ్దము వెలికి పొక్కని మూసిన మందిరములలో, గంటకొక డీజేను మార్చు తొందర మాని, ఒక్కరికే వేకువదాక వ్యవధి నొసగినచో, ఈ సంగీతము మరల చిగుర్చునని నా దృఢవిశ్వాసము.