పరదేశపు ఉక్కపోత

ఎండలలో పుట్టి పెరిగినవారికి పరదేశపు వేసవి యొక లెక్కయా యను మాట మనలో తఱచుగా వినవచ్చుచుండును. జపాను దేశమున ఉద్యోగములు చేయుచున్న బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులును, పిల్లలతో విహారయాత్రకు పోవువారును జూన్ మొదలు ఆగస్టు వఱకు గల నెలలలో ఈ ధైర్యముతోనే బయలుదేరుదురు. ఈ ధైర్యము నిరాధారమనియు, పిల్లలను వెంటగొని పోవువారికి అపాయకరమనియు మా యభిప్రాయము.

ఎండ వేఱు, ఉక్క వేఱు. పల్నాటి రెంటచింతల యెండకు ప్రసిద్ధి చెందినది. అచ్చటి పొడిగాలిలో చెమట పుట్టినంతనే యాఱిపోవును. ఆఱునపుడు దేహములోని వేడిని వెంటగొనిపోవును. విశాఖపట్టణమున ఉష్ణమాపకము తక్కువ అంకె చూపినను ప్రాణము విసిగిపోవుటకు కారణమేమి? తేమతో నిండిన సముద్రపు గాలి చెమటను గ్రహింపజాలదు. చెమట కాఱును గాని యాఱదు. ఒంటిలోని నీరు పోవును గాని వేడి పోదు. జపాను వేసవి యీ రెండవ జాతికి చెందినది. టోకియో ప్రాంతమున జూనులో మొదలైన ముసురు జూలైలో ముగియును. పిమ్మట మహాసముద్రపు తడిగాలి ఆగస్టు మాసమంతయు వీచును. రాత్రులందును ఉక్క విడువదు.

ఆ దేశపు ప్రభుత్వము వడదెబ్బ హెచ్చరికను ఉష్ణోగ్రత నొక్కదానినే చూచి చేయదు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకపు అంకెకు పదింట ఏడు పాళ్లు, ఎండలో నుంచిన నల్లని గోళపు అంకెకు రెండు పాళ్లు, సామాన్య ఉష్ణమాపకపు అంకెకు ఒక పాలు ఇచ్చి యొక సూచికను లెక్కింతురు. అది 33కు చేరునని తోచినచో హెచ్చరిక వెలువడును. ఈ పద్ధతి 2021 నుండి దేశమంతటను అమలులో నున్నది. తేమ కెంతటి బలము కలదో ఆ ఏడు పాళ్లే చెప్పుచున్నవి.

1964లో టోకియో ఒలింపిక్ క్రీడలు అక్టోబరు మాసమున జరిగెను. 2021లో అవి జూలై, ఆగస్టులలో జరిగినందున, మారథాను పరుగును వేడికి వెఱచి ఉత్తరముననున్న సప్పోరో నగరమునకు ముందుగనే మార్చిరి. అచ్చటను స్త్రీల పరుగును ఒక గంట ముందుకు జరిపి ఉదయము 6 గంటలకే ప్రారంభించిరి. లోకములోని మేటి పరుగువారికే కాలమును స్థలమును మార్చవలసి రాగా, నడివయస్సువారును పసిపిల్లలును మధ్యాహ్నము 2 గంటలకు కోటను చూచి తీరవలెనని పట్టుబట్టుట వివేకమా?

ధనము వ్యయపఱచి వచ్చితిమి, దినములు కొలదిగా నున్నవి, మిట్టమధ్యాహ్నము గదిలో కూర్చుండుట యెట్లని కొందఱు ప్రశ్నింతురు. వారికి మేమొక యుదంతమును జ్ఞాపకము చేయుదుము. 2018 జూలై 17వ తేదీన టొయోటా పట్టణమున ఒకటవ తరగతి బాలుడొకడు, తరగతితో గూడ సుమారు ఒక కిలోమీటరు దూరముననున్న ఉద్యానవనమునకు పురుగులను పట్టుటకై నడచి పోయెను. దారిలో అలసితినని చెప్పెను. తరగతిగదికి తిరిగివచ్చిన పిమ్మట స్పృహ తప్పి, వడదెబ్బచే మరణించెను. ఆ సంవత్సరమే ప్రభుత్వము పాఠశాలలలో చల్లదనపు యంత్రములను నెలకొల్పుటకు ధనము కేటాయించెను. యంత్రములు మంచివే. కాని "అలసితిని" అను పసివాని మాటను ఆలకించుటకు ఏ యంత్రమును చాలదు. పెద్దల చెవులే కావలెను.

కావున ఉక్కకు మందు సంచిలోని సామగ్రికంటె దినచర్యలో నున్నదని మేము చెప్పుచున్నాము. దేహము క్రొత్త ఉక్కకు అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అందుచే మొదటి దినములలో నడక తగ్గింపవలెను. ఉదయమును సాయంకాలమును బయట తిరిగి, పగలు 11 గంటలు మొదలు 4 గంటల వఱకు ప్రదర్శనశాలలలోనో, బసలోనో నీడపట్టున గడపవలెను. అచ్చటివారి వాడుకలను చూచి నేర్చుకొనవలెను. వారు వేయించిన బార్లీ గింజలు కాచిన చల్లని నీరు త్రాగుదురు. ఉప్పులో నూరిన పుల్లని పండ్లను తిందురు. మెడను తువాలును, చేత విసనకఱ్ఱను ఉంచుకొందురు. మన ఉప్పు మజ్జిగలోను, తాటాకు విసనకఱ్ఱలోను గల జ్ఞానమే యిది. 2005 నుండి అచ్చటి ప్రభుత్వమే ఉద్యోగులను వేసవిలో కోటును టైను విడువుడని ప్రోత్సహించుచున్నది. వదులైన నూలుబట్టలు కట్టుటకు మనకేల సిగ్గు?

తలనొప్పి, వికారము, కండరముల పట్టు కనబడినతోడనే నీడకు చేర్చి నీరీయవలెను. మాట తడబడినను, స్పృహ తప్పినను నోట నీరు పోయరాదు. మెడను, చంకలను చల్లని నీటితో తడుపుచు, ఆలస్యము చేయక 119 సంఖ్యకు ఫోను చేసి ఆంబులెన్సును పిలువవలెను.

విద్యార్థులారా, అలసట కలిగినపుడు చెప్పుట పిఱికితనము కాదు. తల్లిదండ్రులారా, గుంపులో మిక్కిలి బలహీనుడెవడో వాని యడుగునుబట్టి తక్కినవారు నడువవలెను. చూడక విడిచిన కోట మఱునాడును అచ్చటనే యుండును.