తొలి వాన నీళ్ళను పరీక్షించేదెవరు?

ఇంటి ముందు అరుగు కడిగేటప్పుడు మొదటి చెంబు నీళ్ళు ఎంత నల్లగా పోతాయో మనకు తెలుసు. మూడో చెంబుకు గానీ అరుగు అసలు రంగు బయటపడదు. డాబా మీది వాన నీళ్ళు పట్టుకునేవాళ్ళు కూడా మొదటి జల్లు వదిలేసి ఆ తర్వాతే గొట్టం కింద బిందె పెడతారు.

ఫ్యాక్టరీ ఆవరణకూ ఇదే లెక్క. కాకపోతే అక్కడ పేరుకునేది దుమ్మొక్కటే కాదు. లారీల్లోంచి ఒలికిన రసాయనాలు, తుప్పుపట్టిన డ్రమ్ములు, ఆరుబయట కుప్పపోసిన చెత్త, నూనె మరకలు... ఎండాకాలమంతా పోగైన ఆ మురికిని తొలి వాన ఊడ్చుకెళ్ళి పక్క వాగులో పోస్తుంది.

పటాన్‌చెరు, బొల్లారం సంగతే చూడండి. 1970లలో అక్కడ ఫ్యాక్టరీలు వెలిశాయి. మంజీరలో కలిసే నక్కవాగు రంగు మారింది. బావులు, పొలాలు పాడయ్యాయన్న గోడు 1990లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఆ తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల మురుగును టాంకర్లలో అక్కడికి తోలేవారు. మరి వాన నీళ్ళు టాంకరెక్కవు కదా! 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమంతా లెక్క తీస్తే, అతి కలుషిత ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారం పేరూ ఉంది. జోరు వాన పడే రాత్రి చూసి, దాచిపెట్టిన మురుగును వాన నీళ్ళలో కలిపి వదిలేస్తున్నారని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు.

చట్టం లేదా అంటే, ఉంది. విషపదార్థాన్ని తెలిసి తెలిసి వాగులోకో బావిలోకో పోనివ్వకూడదని 1974 నాటి నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. అది గొట్టంలోంచి వచ్చిందా, వాన తోసుకొచ్చిందా అన్న తేడా అందులో లేదు. నా కోపమల్లా తనిఖీల మీదే. ఎండపూట వచ్చి గొట్టం చివర నీళ్ళు పట్టుకుపోతే తొలి వాన సంగతి ఎవరికి తెలుస్తుంది?

అమెరికాలో 1990 నుంచి ఫ్యాక్టరీ ఆవరణల వాన నీటికి వేరే నిబంధనలున్నాయి. వాన నీళ్ళు బయటికి పారడం మొదలైన అరగంటలోపు, వీలైనంతవరకు, గాజు పాత్రలో పట్టి రంగు, వాసన, నురగ, నూనె తెట్టు చూసి రాసిపెట్టాలి. ఇదేం బ్రహ్మవిద్య? కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తి చూడడం మనం రోజూ చేసే పనే.

మన దగ్గరా మండలి అధికారులు గొడుగేసుకుని వానలోనే రావాలంటాను నేను. సరుకు, చెత్త ఉండే చోట కప్పు వేయించాలి. మొదటి వాన నీళ్ళు నిలవడానికి తొట్టి కట్టించాలి. పరీక్ష ఫలితాన్ని పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. ఖర్చంటారు యజమానులు. చెరువులో చేపలు తేలినప్పుడు, గేదె పాలివ్వడం మానేసినప్పుడు అయ్యే ఖర్చు ఇన్నాళ్ళూ ఊరివాళ్ళే భరించారు. ఆ మేత, ఆ కూరగాయలు పట్నంలో మన వంటింటికీ రావచ్చు మరి.

ఈసారి గ్రామసభలోనో వార్డు సభలోనో రోడ్లూ పింఛన్లూ అయ్యాక ఒకటి అడిగి చూడండి: ఏ ఫ్యాక్టరీ వాన కాలువ మన వాగులో ఎక్కడ కలుస్తోందో చూపించే పటం. అది చేతిలో లేకపోతే, తొలి వాన రోజున సీసా ఎక్కడ ముంచాలో కూడా తెలీదు.