మూగజీవి స్మృతి

‘కుక్కచావు’ అన్న మాట మన భాషలో తిట్టు. ‘కుక్కకున్న విశ్వాసమైనా లేదు’ అన్నదీ మన భాషలోని మాటే. బతికినంతకాలం విశ్వాసానికి ప్రమాణంగా నిలిచిన ప్రాణి, మరణించగానే హీనమైన చావుకు ఉపమానమైపోతున్నది. ఈ వైరుద్ధ్యం మాటలకే పరిమితం కాలేదు. పెంపుడు కుక్క పోయిందని కన్నీరు పెట్టుకొన్నవారిని చూసి ‘కుక్క కోసం ఏడుపా?’ అని నవ్వేవారు నేటికీ ఉన్నారు. ఆ దుఃఖం నవ్వదగినది కాదనీ, మనతో కలిసి జీవించిన మూగప్రాణిని స్మరించడం మనిషి సంస్కారానికి చిహ్నమనీ నా అభిప్రాయం.

మన ప్రాచీనులు ఈ స్మరణను చిన్నతనంగా భావించలేదు. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరు శిలాశాసనం ఇందుకు సాక్ష్యం. పదవ శతాబ్ది మధ్యకాలంలో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడికీ, చోళ రాజాదిత్యుడికీ తక్కోలం వద్ద యుద్ధం జరిగింది. కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు తన అనుచరుడైన మణలేరుని పరాక్రమానికి మెచ్చి, కావలసినది కోరుకొమ్మన్నాడు. మణలేరుడు రాజుగారి వేటకుక్క ‘కాళి’ని కోరుకొన్నాడు. తరువాత బెళతూరు కొండ వద్ద కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ ఒకదానినొకటి చంపుకొని నేలకూలాయి. కాళి జ్ఞాపకార్థం ఆతకూరి గుడి ముందు శిలను నిలిపి, భూమిని కేటాయించారు. ఆ శిలకు పూజ చేయకుండా భోజనం చేసిన పూజారికి పాపం తగులుతుందని శాసనం హెచ్చరిస్తున్నది. రణరంగంలో ఒరిగిన వీరునికి దక్కే గౌరవం ఒక శునకానికి దక్కింది. ఆ శిల నేడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో భద్రంగా ఉన్నది.

మహాభారతం కూడా ఈ విషయంలో మనకు మార్గదర్శకమే. నన్నయ ఆదిపర్వారంభంలోనే సరమ అనే దేవశునకం జనమేజయుని నిలదీస్తుంది. ఏ తప్పూ చేయని తన కుమారుని రాజసోదరులు కొట్టడమే అందుకు కారణం. తిక్కన తెలిగించిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ఇంద్రునితో అంటాడు. కుక్కకు జరిగిన అన్యాయం మొదట, కుక్కకు దక్కిన న్యాయం చివర. ఇంత పెద్ద ఇతిహాసంలో ఈ రెండు కథలకూ చోటు దొరకడం ఆలోచింపదగినది.

అన్ని కుక్కలూ కాళివలె వీరమరణం పొందవు. మా ఇంట పదమూడేళ్ళు జీవించిన మోతి ఏ అడవిపందితోనూ పోరాడలేదు, ఏ దొంగనూ పట్టలేదు. బడినుంచి వచ్చే పిల్లల అడుగుల చప్పుడు వీధి మలుపులోనే గుర్తించి గుమ్మంలో నిలబడేది. దీపావళి టపాకాయలకు బెదిరి మంచం కిందికి దూరేది. ముసలితనంలో చూపు మందగించాక నా చెప్పుల పక్కనే పడుకొనేది. దాని జీవితంలో ఘనకార్యం ఒక్కటీ లేదు. అయినా దాని ముచ్చట రాని పండుగ మా ఇంట లేదు. చేసిన ఉపకారానికే స్మరిస్తే అది బాకీ తీర్చడం. కలిసి బతికినందుకు స్మరిస్తే అది ప్రేమ.

మనుషులకే దిక్కులేని దేశంలో కుక్కలకు స్మృతులెందుకని కొందరు ప్రశ్నిస్తారు. కరుణ ఒకరికి పంచితే మరొకరికి తరిగే ధాన్యరాశి కాదు. మూగజీవి బాధ ఎరిగిన హృదయం సాటిమనిషి బాధను మరింత త్వరగా గ్రహిస్తుంది.

అయితే స్మరణ అంటే పటానికి దండ వేయడం మాత్రమే కాదు. ముద్దుగా ఉన్నప్పుడు కుక్కపిల్లను తెచ్చి, ముసలిదైనాక ఊరి బయట వదిలివచ్చేవారు ఉన్నారు. తగిన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. పెంచదలచినవారు దానికి రేబిస్ టీకా వేయించాలి, రోగం వస్తే వైద్యం చేయించాలి, చివరిదాకా దాని పక్కన ఉండాలి. ఇంత ఓపిక లేనివారు కుక్కను తెచ్చుకోకపోవడమే మేలు.

కాళికి వెయ్యేళ్ళు నిలిచే శిల దొరికింది. మన ఇంటి కుక్కలకు శిలలు అక్కరలేదు. అవి మనలను నమ్మినంత కాలం ఆ నమ్మకాన్ని నిలబెట్టుకొంటే చాలు. అప్పుడు ‘కుక్కచావు’ అన్న తిట్టుకు మన ఇళ్ళలో అర్థం ఉండదు.