అక్కడి నేల అక్కడివాళ్ళది

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేశాడు. వాడికి 58 ఏళ్ళు. ఇంకో రెండేళ్ళలో ఉద్యోగం మానేసి, థాయ్‌లాండ్ వెళ్ళి చియాంగ్ మాయ్‌లో స్థిరపడతాడట. ఎక్సెల్ షీటు తెర మీద పెట్టి ఒక్కో గడీ చదివి వినిపించాడు. రెండు పడక గదుల ఫ్లాటు అద్దె, కరెంటు, నెట్, స్కూటరు, వారానికి రెండు మసాజులు, వంటమనిషి, తోటమాలి, ఏడాదికోసారి కాకినాడ రావడానికి విమానం టికెట్టు. కింద మొత్తం వేసి, "అన్నయ్యా, ఇక్కడ ఇంటి పన్నుకీ ఇన్సూరెన్సుకీ కట్టే డబ్బుతో అక్కడ దర్జాగా బతికేయొచ్చు. మనుషులు మరీ చవక" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాడు. పిన్ని పోయాక, ఆవిడకు సేవ చేసిన పనిమనిషి కూతురి చదువు ఖర్చంతా తనే పెట్టుకున్నాడు. అయినా ఆ ఆఖరి మాట వారం రోజులుగా నా చెవిలోంచి పోవడం లేదు. వంకాయలు చవక అంటాం, ఉల్లిపాయలు చవక అంటాం. మనుషులు చవక అన్న మాట ఒకప్పుడు మా ఇంటి మనిషి మీదే పడింది. వాడికి ఆ సంగతి తెలియదు.

మా తాతగారి అన్నయ్య రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూన్. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా పాతకాలం వాళ్ళు ఆ ఊరిని అలాగే పిలిచేవారు. కూలీలను పోగుచేసే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో పెట్టి ఓడెక్కేవారు. ఆ బాకీ తీరేదాకా మేస్త్రీ చెప్పిందే పని, చేతిలో పెట్టిందే కూలి. బర్మావాళ్ళు తెలుగు కూలీని 'కోరింగీ' అనేవారు. కాకినాడ పక్కనున్న మా కోరంగి రేవు పేరే అది. రంగూన్ షిప్పింగ్ కంపెనీలకు కోరింగీ మీద ప్రేమేమీ లేదు. తక్కువ కూలికి బరువు మోస్తాడు, అంతే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్ళు మళ్ళీ పనిలోకి రాగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నాయి. దాంతో రేగిన కొట్లాటలో వందమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. మా పెదతాత ఆ ఏడాదే వెనక్కి వచ్చేశాడని, ఎడమ చెయ్యి సరిగా లేచేది కాదని మా నాన్న చెప్పేవాడు.

బర్మావాళ్ళ కోపం ఊరికే వచ్చిందని నేను అనను. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. దిగువ బర్మాలో వరి పండే మంచి భూమిలో పెద్ద వాటా అప్పుల కింద, వడ్డీలకిచ్చే చెట్టియార్ల చేతికి పోయింది. సొంత రాజధానిలో తామే తక్కువై, సొంత పొలంలో తామే కౌలుదార్లయ్యారు. ఏ జాతి ఓర్చుకుంటుంది? ఆ కోపం చివరికి పడింది మాత్రం చెట్టియార్ల ఖాతా పుస్తకాల మీద కాదు, రేవులో బస్తాలు మోసే కూలివాడి మీద. 1942లో జపాన్ బాంబులకు భయపడి అడవుల వెంట నడిచొచ్చినవాళ్ళూ, 1960ల్లో సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కున్నాక కట్టుబట్టలతో ఓడ దిగినవాళ్ళూ మన చుట్టూ ఉన్నారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఎలా వచ్చిందో అక్కడివాళ్ళను అడిగితే చెప్తారు.

ఈ కథంతా ఎందుకంటే, మావాడి షీటులో నాకు కనబడని గడి ఒకటుంది. ఆ ఊరివాళ్ళ గడి. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్ళు దాటిన విదేశీయుడు రిటైర్మెంటు వీసా మీద ఉండాలంటే బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపించాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపించాలి. ఇది మావాడే చెప్పాడు, పెద్ద లెక్కేం కాదన్నట్టు. అదే దేశంలో 60 ఏళ్ళు నిండిన థాయ్ పౌరుడికి ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య భత్యం నెలకు 600 బాత్‌లు. తొంభై దాటితే వెయ్యి. 600 బాత్‌లంటే మన డబ్బుల్లో రెండు వేల రూపాయలకు లోపే. కూలి సంగతికొస్తే, 2025 జనవరి నుంచి కనీస కూలి ప్రాంతాన్ని బట్టి రోజుకు 337 నుంచి 400 బాత్‌ల దాకా ఉంది. మావాడి రెండు మసాజుల వెనకా, వంటమనిషి వెనకా, తోటమాలి వెనకా ఉన్నవి ఈ అంకెలే. ఒక దేశం ఒకడికి చవకగా దొరుకుతోందంటే, అక్కడ పుట్టినవాళ్ళ రోజుకూలి తక్కువగా ఉందని అర్థం. దాన్ని వాతావరణంతో, కొబ్బరిచెట్లతో కలిపి ఆ దేశపు అందాల జాబితాలో రాసుకోవడం నాకు నచ్చదు.

వాడికి అన్నిటికన్నా కష్టంగా అనిపించింది భూమి చట్టం. "ఎంత డబ్బున్నా గజం నేల మన పేర కొనుక్కోనివ్వరు అన్నయ్యా, అన్యాయం కదూ" అన్నాడు. నిజమే, కొననివ్వరు. సామాన్యంగా విదేశీయుడికి నేల మీద హక్కు లేదు. ఫ్లాటు కొనుక్కోవచ్చు, అదీ ఆ కండోమినియం మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటనంత వరకే. నేల కావాలంటే ముప్ఫై ఏళ్ళ లీజు. బాలిలోనూ ఇంతే. ఇండోనేషియాలో 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, వాళ్ళ మాటలో 'హక్ మిలిక్', వ్యక్తుల్లో ఆ దేశ పౌరులకే దక్కుతుంది. ఆ హక్, మన హక్కు ఒకే అరబ్బీ మాట. నాకిందులో అన్యాయం ఇసుమంతైనా కనబడలేదు. చియాంగ్ మాయ్ చుట్టూ నేలని డాలర్లలో వేలం పెడితే నెలకు 600 బాత్‌ల పెద్దాయన మనవడు ఇల్లెక్కడ కట్టుకుంటాడు? అంతెందుకు, మావాడి చేతిలో, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డుంది. దాంతో కాకినాడలో ఫ్లాటు కొనుక్కోగలడు గానీ వ్యవసాయ భూమి కొనలేడు. మన దేశం పెట్టిన ఆ నిబంధన మీద వాడెప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు.

దీనికి వాడి దగ్గర విరుగుడు సిద్ధంగా ఉంది. థాయ్ వాళ్ళ పేర్లు వాటాదారులుగా పెట్టి కంపెనీ తెరిచి, దాని పేరున నేల కొంటారట. బాలిలో ఎవరో ఒక స్థానికుడి పేరు మీద పట్టా పెట్టించి, వెనకాల వేరే కాగితం రాయించుకుంటారట. రెండూ చట్టవిరుద్ధమే. "అందరూ చేస్తున్నదే" అన్నాడు. దీనికి మన భాషలో పాత పేరే ఉంది, బినామీ. బాలి వరిపొలాలకు నీళ్ళు పంచే సుబక్ పద్ధతిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ ద్వీపంలో పొలాల మధ్య విల్లాలు లేస్తున్నాయి. ఒక మడికి కాలవ తెగితే దాని కిందున్న మడులన్నీ ఎండుతాయి. ఆ మాట గోదావరి జిల్లాలవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో, బాలిలో తక్కువ ఖర్చుతో సుఖంగా ఉన్నానని, మీరూ వచ్చేయండని ట్విట్టర్లో రాసి, వచ్చే దారులు చెప్పే ఈ-పుస్తకం అమ్మిన ఒక అమెరికన్ మహిళను ఇండోనేషియా ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది. అప్పుడు చాలామంది అది అతి అన్నారు. కోవిడ్‌తో పర్యాటకులు లేక పనులు పోయిన ద్వీపంలో కూర్చుని ఇక్కడ అన్నీ చవక అని చాటడం ఎంత గుచ్చుకుంటుందో నాకు అప్పుడే అర్థమైంది.

ఇక భాష. ఈ శీర్షిక చదివేవారికి నా పోరు తెలిసిందే, మళ్ళీ అదే ఎత్తుకుంటున్నాను. "థాయ్ నేర్చుకుంటున్నావా?" అని అడిగాను. "అవసరం లేదు, అక్కడ అందరికీ ఇంగ్లీషొచ్చు" అన్నాడు. అందరికీ ఎక్కడ వస్తుంది? మసాజు చేసే అమ్మాయికి అంకెలొస్తాయి, ఫ్లాటు ఏజెంటుకి వాక్యాలొస్తాయి. రాత్రి రెండింటికి ఛాతీలో నొప్పొస్తే అంబులెన్సు తెచ్చే కుర్రాడితో ఏ భాషలో చెప్తాడు? పక్కింటి ముసలమ్మ చనిపోతే కొడుకుని ఎలా పలకరిస్తాడు? ఏళ్ళ తరబడి ఒక ఊళ్ళో ఉండి, బజార్లో బేరం దాటి నాలుగు మాటలు రానివాణ్ణి ఆ ఊరివాడని నేనొప్పుకోను. వాడెన్ని పన్నులు కట్టినా సరే.

అసలు తెలుగువాడికి థాయ్ నేర్వడం ఇంగ్లీషువాడికి ఉన్నంత కష్టం కాకూడదు. స్వరం ఎత్తి దించడంలో మాట అర్థం మారిపోతుంది, అది కష్టమే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళ లిపి ఖ్మేర్ మీదుగా పల్లవుల లిపి నుంచి దిగింది. క, ఖ, గ వరసలు ఉన్నచోటే ఉన్నాయి, 44 హల్లులు. గురువుని ఖ్రూ అంటారు, ఆచార్యుణ్ణి అచాన్ అంటారు. ఆహారం అహాన్, భాష ఫాసా, నగరం నఖోన్, రథం రోత్. అయితే ఆ రోత్ ఇప్పుడు కారు. వాళ్ళ పలకరింపు సవత్‌దీ మన స్వస్తి నుంచి వచ్చింది. ఇండోనేషియాలో భార్య ఇస్త్రీ, భర్త సువామి, కూతురు పుత్రి. ఇంత చుట్టరికం చేతిలో పెట్టుకుని, అవసరం లేదనడం నా మనసుకి కష్టంగా ఉంది. మా పెదతాతకు సంతకం రాదు. బర్మా భాష మాత్రం గడగడా మాట్లాడేవాడట. మేస్త్రీతో పోట్లాడాలన్నా, బియ్యం కొనాలన్నా ఆ భాషే దిక్కు. కూలివాడు నేర్చుకున్నాడు. ఇంజనీరు నేర్చుకోడట.

షీటులో రాయని ఖర్చులూ ఉన్నాయి. అమెరికా మెడికేర్ దేశం దాటితే పనిచెయ్యదు. థాయ్‌లాండ్ 2001లో మొదలుపెట్టిన 30 బాత్‌ల వైద్యం అక్కడి పౌరులది, రిటైర్మెంటు వీసా మీద వచ్చినవాళ్ళది కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో, అడవుల్లో మంటలు పెట్టే కాలం. చియాంగ్ మాయ్ లోయ పొగతో నిండిపోతుంది, 2023 మార్చిలో ప్రపంచంలోకెల్లా చెడ్డ గాలి ఉన్న ఊళ్ళ జాబితాలో మొదటికొచ్చింది. "ఆ నెలల్లో దీవులకి వెళ్ళిపోతాం, అందరూ అదే చేస్తారు" అన్నాడు. వంటమనిషి ఎక్కడికి వెళ్తుందని అడిగితే కాసేపు మాట్లాడలేదు.

థాయ్‌లాండ్‌లో బినామీ తప్పని ఇక్కడ కూర్చుని చెప్పేముందు అరకు సంగతి చెప్పకపోతే నా నోటికి విలువుండదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని 1/70 చట్టం ఉంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులూ చెల్లవంది. అయినా అరకు నుంచి లంబసింగి దాకా మంచు చూడటానికి వెళ్ళేవాళ్ళ కోసం కాటేజీలు ఎలా లేస్తున్నాయి? విశాఖ, హైదరాబాదు డబ్బు గిరిజనుడి పేరు వెనకాల నిలబడి కడుతోంది. పేరు ఇచ్చినందుకు నెలకింత, వాచ్‌మన్ ఉద్యోగం. చియాంగ్ మాయ్‌లో విదేశీయుడు చేసేదీ ఇదే. మనం చేసినప్పుడు దాన్ని టూరిజం అభివృద్ధి అంటున్నాం. ప్రభుత్వాలు మారుతున్నాయి, 1/70ని సడలించాలన్న మాట మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి నోట వినబడుతూనే ఉంది. సడలిస్తే పదేళ్ళలో అరకు లోయలో గిరిజనుడికి మిగిలేది వాచ్‌మన్ గది. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నాకు చాలదు.

రెండేళ్ళ కిందట డిసెంబరులో మా ఇంటివాళ్ళతో అక్కడొక కాటేజీలో దిగాను. రిసెప్షన్ గోడ మీద లైసెన్సు కాగితం ఫ్రేము కట్టి ఉంది, యజమాని పేరుతో. తెల్లారి బకెట్టుతో వేడినీళ్ళు తెచ్చినాయన్ని పేరడిగాను. ఆ ఫ్రేములో ఉన్న పేరే చెప్పాడు. మోకాళ్ళ దాకా ప్యాంటు మడుచుకుని, చలికి వణుకుతూ నిలబడ్డాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది కువి, మన తెలుగుకి దాయాది భాషే. ఆ భాషలో 'కూర్చో' అనే మాట కూడా నాకు రాదు. తెలుగులో కూర్చోమన్నాను. ఓనరు చూస్తే ఊరుకోడని నవ్వి, ఖాళీ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ ఆదివారం తమ్ముడు మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు. ముందు ఈయన గురించి చెప్తాను, ఆ తర్వాత వాడి షీటు చూస్తాను.