పెరడు ఎవరిది?

సర్వే రాసుకునేవాళ్లు ఇంటి ముందు నిలబడి "నువ్వేం పని చేస్తవమ్మా?" అని అడిగితే, కరీంనగర్ పల్లెల్లోనైనా ఆదిలాబాద్ పల్లెల్లోనైనా చాలామంది ఆడవాళ్లు చెప్పే జవాబు ఒక్కటే: "ఏం లేదు, ఇంటికాడనే ఉంట." ఆ మాట చెబుతున్న మనిషి వెనక ఒక పందిరి ఉంటుంది. పందిరి మీద బీర, ఆనపకాయ తీగలు. దడి పొడుగునా పాకిన చిక్కుడు. గోలెం దగ్గర నీళ్లు పారేచోట తోటకూర, పుంటికూర, నాలుగు మిరప చెట్లు, రెండు వంగ చెట్లు. ఎండాకాలమైతే మంచం మీద పరిచిన పాత చీరపై వంకాయ, టమాట, గోకరకాయ ఒరుగులు ఎండుతుంటాయి. ఈ విత్తనం దాచిందెవరు? పాదు చేసిందెవరు? కోసి, ఎండబెట్టి, వాన వస్తే పరుగెత్తి లోపలికి తెచ్చిందెవరు? అన్నీ చేసిన మనిషే "ఏం లేదు" అంటోంది.

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో వాళ్లు, ఊరు, ప్రభుత్వం ఆమెకు నేర్పిన మాటనే తిరిగి అప్పజెబుతోంది. ప్రభుత్వమైతే ఈ "ఏం లేదు"కు ఒక అంకె కూడా ఇచ్చింది. జాతీయ నమూనా సర్వేల్లో ఒక్కో మనిషి పనికి ఒక్కో కోడ్ ఉంటుంది. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92. ఇంటిపని చేస్తూనే ఇంటి వాడకం కోసం కూరగాయలు, దుంపలు, కట్టెలు, పశువుల మేత సేకరించుకునేవాళ్లకు, కుట్టుపని, నేతపని చేసుకునేవాళ్లకు 93. ఈ రెండు కోడ్ల కిందికి వచ్చిన స్త్రీలు శ్రామికశక్తి లెక్కలోకి రారు. 2011–12లో జరిగిన 68వ విడత సర్వేలో ఈ స్త్రీలను "పెరటి తోట పెంచుతున్నారా?" అని ప్రత్యేకంగా అడిగారు కూడా. అడిగి రాసుకున్నాక సైతం వాళ్లను శ్రామికుల వరుసలో కూర్చోబెట్టలేదు. 2017లో మొదలైన కొత్త శ్రామికశక్తి సర్వేలోనూ ఆ కోడ్లే కొనసాగాయి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. అయినా పని చేస్తున్నదెవరని అడిగితే అందరి వేలూ మగవాడి వైపే చూపిస్తుంది.

పెరడు ఇచ్చేదేమిటో ఒకసారి చూద్దాం. తొలకరి నెలల్లో పల్లెల్లో కూర కరువు. పాత కాపు అయిపోయి ఉంటుంది, కొత్త కాపు ఇంకా రాదు, చేతిలో ఉన్న పైసలన్నీ విత్తనాలకు, ఎరువులకు పోతాయి. 2023 జులైలో టమాట కిలో వంద రూపాయలు దాటిపోయినప్పుడు కొనలేనివాళ్లు ఏం వండుకున్నారు? మూడు నెలల ముందే ఒరుగులు పోసుకున్న ఇంట్లో మాత్రం కుండలో ఇంత పులుపు ఉంది. కరువు నెలను ముందే చూసి దానికి తగ్గట్టు ఎండను వాడుకోవడం మన అమ్మమ్మలు కనిపెట్టిన విద్య. వంకాయను పొడుగ్గా చీల్చి ఉప్పు పట్టిస్తారు. గోకరకాయను ఒక పొంగు రానిచ్చి, నీళ్లు వార్చి ఎండేస్తారు. కాకరకాయను ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి ఎండకు పెడతారు. విరిస్తే ఫట్‌మని విరిగేదాకా ఎండాలి, తేమ మిగిలితే బూజు పడుతుంది. ఆకుకూరను మాత్రం నీడన ఆరబెట్టడం మంచిది. మండుటెండలో పెడితే విటమిన్ ఎగా మారే పదార్థం చాలా భాగం పోతుంది. ఎలా ఎండబెట్టినా విటమిన్ సి నష్టం తప్పదు కనుక ఒరుగుల కూరలో ఇంత నిమ్మరసం పిండుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. విత్తనానికైతే మొదటి కాపులో మంచి కాయను తీగ మీదే ముదరనిచ్చి, ఎండిన ఆనపకాయ బుర్రలో బూడిద, వేపాకు కలిపి దాస్తారు. ఇంత తెలివి పుస్తకంలో ఉంటే శాస్త్రం అంటారు. ఆడదాని చేతిలో ఉంది కాబట్టి అలవాటు అంటున్నారు.

ఈ తెలివి అవసరం ఇప్పుడు తగ్గలేదు, పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. రోజుకు మనిషికి ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. కూలి చేసుకునే ఇంట్లో ఐదుగురికి రోజుకు రెండు కిలోల కూర ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకప్పుడు సగం చేను నుంచి వచ్చేది. జొన్నలో కంది, పెసర, అనుము, బొబ్బర కలిపి చల్లేవాళ్లు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు గంగవాయిలి కూర, తుమ్మికూర, చెంచలి కూర కొంగులో కట్టుకుని వచ్చేవాళ్లు. విత్తకుండా మొలిచిన ఆ కూరకు ధర లేదు, యజమాని లేడు. ఇప్పుడు ఆదిలాబాద్‌లో కనుచూపు మేరా పత్తి. కలుపు తీసే చేతుల బదులు కలుపుమందు వచ్చింది. గ్లైఫోసేట్ వాడకం మీద 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆంక్షలు పెడుతూ నోటిఫికేషన్ ఇచ్చింది, కానీ కలుపుమందు కొట్టిన గట్టు మీద కూర కోయడానికి ఏ తల్లికి చెయ్యి వస్తుంది? ఆడవాళ్లకు కలుపు కూలీ పోయింది, కొంగులోని కూరా పోయింది. బతుకమ్మకు గునుగు పువ్వు కోసం ఊరంతా వెదుక్కోవలసి వస్తున్నదంటే కారణం ఇదే.

చేను ఇవ్వడం మానేసిన కూరను ఇక పెరడే ఇవ్వాలి. ఆ పెరడు కూడా చిన్నబోతోంది. అన్నదమ్ములు పంచుకుంటే ముందుగా కరిగేది ఇంటి వెనక జాగ. ఎల్లంపల్లి, మిడ్ మానేరు జలాశయాల కింద, సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల కింద ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. నష్టపరిహారం రాసేటప్పుడు ఇంటిని కొలుస్తారు, చెట్లు లెక్కపెడతారు, బావి రాసుకుంటారు. ఏడాది పొడుగునా ఇంటికి కూర పెట్టిన పందిరిని ఏ కాలమ్‌లో రాస్తారు?

ఇలాంటి సమయంలో అధికారులు, సంస్థలు మన సంఘాల దగ్గరికి వచ్చి "పెరటి తోటలు పెంచండి, రక్తహీనత పోతుంది" అంటున్నారు. 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీల్లో పోషణ్ వాటికలు పెట్టమన్నారు. విత్తనాల పొట్లాలు పంచారు. మనమూ పంచాం. తప్పు లేదు. కానీ పొట్లం ఇచ్చి వచ్చాక జరిగేదేమిటో నిజాయితీగా ఒప్పుకుందాం. జాగ లేనిది పొట్లాన్ని చూరులో చెక్కుతుంది. నీళ్లు లేనిది మొలకలు ఎండిపోవడం చూసి, చేతగానిదాన్నని తననే తిట్టుకుంటుంది. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే తల్లి పాదుకు నీళ్లు పోసే గంటను నిద్రలోంచి తీస్తుంది. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో చేను, పశువులు, పిల్లలు, అప్పులవాళ్లకు జవాబు చెప్పడం అన్నీ ఒక్కదాని మీదే పడ్డాయి. ఆమెకు ఇప్పుడు తోట కూడానా? రక్తం తక్కువైన ఒంటితోనే మరో చాకిరి చేయించి దానికి పోషకాహారం అని పేరు పెట్టడం న్యాయం కాదు. అంత కష్టపడి పండించిన కూరలో కూడా ఆమెకు మిగిలేది అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నదే.

అందుకే పెరటి తోట సంగతిని మనం సలహాతో కాక, హక్కుతో మొదలుపెట్టాలని మా అభిప్రాయం. మొదటి ప్రశ్న: ఆ జాగ ఎవరిది?

ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలను అది వదిలేసింది. 2005లో దేశమంతటికీ చట్టం మారాక ఆ తేడా పోయింది. మంచిదే. కానీ ఆ హక్కు పుట్టింటి జాగ మీద. ఆమె నీళ్లు పోస్తున్న పాదు అత్తగారింట్లో ఉంది. హక్కున్న చోట ఆమె లేదు, ఆమె ఉన్న చోట హక్కు లేదు. 2005 గృహహింస చట్టం అత్తింట్లో నివసించే హక్కు ఇచ్చింది గాని యాజమాన్యం ఇవ్వలేదు. గోండు, కోలాం స్త్రీల పరిస్థితి ఇంకో తీరు. షెడ్యూల్డు తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని అందులోని 2వ సెక్షనే చెబుతోంది. వాళ్లకు ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం. పెళ్లయిన వాళ్లకు ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని అది స్పష్టంగా చెప్పింది. ఇప్పపువ్వు ఏరుకుని, ఎండబెట్టి, దాచుకునే హక్కూ అదే చట్టంలో ఉంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతో లడ్డూలు చేసి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అందిస్తున్నారు. అడవి మీద హక్కు నిలిస్తేనే ఆ తిండి నిలుస్తుంది.

సాధ్యం కాని కోరిక కోరుతున్నామా? కేరళలో 1970 జనవరి 1 నుంచి అమలైన భూసంస్కరణల కింద పరాయి జాగలో గుడిసె వేసుకున్నవాళ్లు పంచాయతీ ప్రాంతాల్లో పది సెంట్ల వరకు తమది చేసుకోగలిగారు. ఒక కొబ్బరి చెట్టుకు, ఒక అరటి బోదెకు, నాలుగు పాదులకు చోటు దొరికింది. జాగ చేసే మేలు కూరతో ఆగదు. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఏం చెప్పింది? ఇల్లూ భూమీ రెండూ లేని వివాహిత స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. తన పేరున ఒక గుమ్మం, ఒక దడి ఉన్న మనిషి మీద చెయ్యెత్తే ముందు ఆ చెయ్యి ఆలోచిస్తుంది.

మన దగ్గర ఇప్పుడు ఒక సందు ఉంది. గ్రామకంఠంలోని ఇళ్లకు, పెరళ్లకు చాలా ఊళ్లలో సరైన హక్కు పత్రమే లేదు. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో ఆబాదీ, వ్యవసాయేతర భూములకూ హక్కుల రికార్డు తయారుచేసే ఏర్పాటు ఉంది. ఆ రికార్డు ఊళ్లోకి వచ్చిన రోజు అలవాటు ప్రకారం ఇంటి పెద్దమనిషి పేరు రాసి వెళ్లిపోతే మరో రెండు తరాల దాకా మార్చలేం. భార్య పేరు కలిపి రాయాలని, ఒంటరి స్త్రీ పేరు విడిగా రాయాలని గ్రామసభలో ఇప్పుడే తీర్మానం పెట్టించాలి. ఇందిరమ్మ ఇళ్లు స్త్రీల పేరున మంజూరు చేస్తున్నారు. ఇల్లు ఆమె పేరున ఉంటే, అది లేచిన జాగ, వెనక మిగిలిన పెరడు ఎవరి పేరున ఉన్నాయో కూడా అడగాలి. 2014లో మొదలైన దళిత భూమి కొనుగోలు పథకంలో మూడెకరాలు స్త్రీ పేరునే రాశారు. అందింది కొద్దిమందికే అయినా, రాయవచ్చని మాత్రం రుజువైంది.

రెండోది నీళ్లు. మిషన్ భగీరథ లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు, అదీ ఇంటి అవసరాలకు. అంట్లు తోమిన నీళ్లు, స్నానం నీళ్లు మోరీలోకి పోకుండా పాదుకు మళ్లేలా కాలువ కట్టే పనిని పంచాయతీ తన పనిగా చేయాలి. మూడోది విత్తనం. ప్రతి ఏటా పొట్లం కోసం చెయ్యి చాచేలా కాక, సంఘంలోనే విత్తనం మిగుల్చుకోవాలి. జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు దశాబ్దాలుగా చేసి చూపించిన పని ఇది. నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది, ఇంట్లో పంపకం. పాదు తవ్వడం, దడి కట్టడం, నీళ్లు మోయడం మగవాళ్ల వంతు ఎందుకు కాకూడదు? ఒరుగులు అమ్మితే వచ్చిన పైసలు ఎవరి కొంగున ఉండాలి? వండిన కూరలో ఆమె వాటా ముందే తీసి పెడితే ఎవరి సొమ్ము పోయింది?

ఈసారి సంఘం కూర్చున్నప్పుడు విత్తనాలు పంచే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఒక్కొక్కరినీ అడుగుదాం: నీ ఇంటి వెనక జాగ ఎంత? అది ఎవరి పేరున ఉంది? నీళ్లు ఎవరు పోస్తారు? నిన్న ఆ కూర నీ పళ్లెంలోకి ఎంత వచ్చింది? జవాబులు ఒక నోటుబుక్కులో రాసుకుందాం. ఆ పుస్తకమే రేపు గ్రామసభలో మన అర్జీ అవుతుంది. ఆ పుస్తకం నిండేనాటికి, మళ్లీ సర్వేవాళ్లు గుమ్మం ముందుకొచ్చి "నువ్వేం పని చేస్తవమ్మా?" అని అడిగితే, మన ఊరి ఆడది పందిరి వైపు చెయ్యి చూపించి "ఇదంత నేను చేసిన పనే, రాసుకో" అనాలి.