గీతను గీతతోనే చెరపాలి

ఆంగ్లంలోని ‘స్క్రాచ్’ అనే ఒక్క పదానికి తెలుగులో కనీసం మూడు మాటలున్నాయి. పైపైన ఒరుసుకుపోతే ఒరపిడి, గోటికి తగిలీ తగలనట్లుంటే గీత, లోపలికి దిగితే గాటు. ఈ సంపద అనువాదకులకు ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చిపెట్టినా, కారు యజమానులకు మాత్రం ఎంతో ఉపకరిస్తుంది. ఒరపిడి ఇంటివద్దనే పోతుంది. గీత ఓపిక పట్టేవారి చేతిలో సన్నబడుతుంది. గాటు మాత్రం రంగు వేయనిదే మానదు. ఏది ఏదో తెలుసుకోకుండా చేతికందిన దానితో రుద్దడం వల్లనే చిన్న మచ్చ పెద్దదవుతుంది.

భద్రాచలం, కొంటా, సుక్మాల మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిపై జగదల్‌పూర్ చేరే తెలుగువారికి ఈ మూడూ పరిచితాలే. తీరథ్‌గఢ్ జలపాతానికో, 1982లో జాతీయోద్యానమైన కాంగేర్ లోయకో వెళ్లివచ్చిన కారు తలుపులపై సన్నని గీతలు కనిపిస్తే అడవిలోని కొమ్మలనే నిందిస్తాం. కొమ్మల తప్పు లేదనలేము. అయితే ఎండలో నిలిపితే కారు పైభాగంపై సాలెగూడులా మెరిసే అసంఖ్యాకమైన గీతలు కొమ్మలు గీసినవి కావు. విడిదికి చేరగానే పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చేయి గీసినవి.

బస్తర్ ఎర్రమట్టి దుమ్ములో స్ఫటికశిల రేణువులుంటాయి. ఖనిజాల కాఠిన్యాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ మానంలో స్ఫటికశిలది ఏడవ స్థానం. గాజును సైతం గీయగల ఆ రేణువులకు కారు పైపూత ఒక లెక్క కాదు. గుడ్డ ఎంత మెత్తనిదైనా, దానికీ రంగుకూ నడుమ దుమ్ము చిక్కుకున్నదంటే అది గరుకు కాగితమే.

ఇప్పటి కార్లలో రేకు మీద ముందుగా తుప్పును ఆపే పూత, దానిపై అస్తరు, ఆపై రంగు, అన్నింటికీ పైన రంగులేని పారదర్శకమైన పూత ఉంటాయి. మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పై పారదర్శక పూత మందం సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే, అంటే తలవెంట్రుక కంటె పలుచన. ఎండలోని అతినీలలోహిత కిరణాలనుంచి రంగును కాపాడేది ఈ పొరే. తేలిక గీతలు పడేదీ, మనం మెరుగుపెట్టేదీ దీనిమీదనే.

మెరుగు పెట్టడమంటే గీతను పూడ్చడం కాదు. దాని అంచుల వరకూ ఉన్న గట్టును అరగదీసి గీత అడుగు మట్టానికి దించడం. అందుకు వాడే పదార్థం కూడా గీసేదే, కాకపోతే కంటికి ఆననంత సన్నగా గీస్తుంది. బస్తర్‌లోని బైలాడిలా కొండల్లో దొరికే ఇనుప ఖనిజం హెమటైట్. రసాయనికంగా అదే పదార్థాన్ని అతి సూక్ష్మమైన ఎర్రని పొడిగా చేసి బంగారు నగలకు మెరుగు పెట్టడానికి వాడతారు. పదార్థం ఒకటే. ముతకగా ఉంటే గీత, సన్నగా ఉంటే నిగనిగ.

పని మొదలుపెట్టేముందు కారును నీడలో ఉంచి, రేకును చల్లబడనివ్వండి. చేయి తగలకుండా పైనుంచి కిందికి ధారాళంగా నీరు పోసి దుమ్మును జారనివ్వండి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో కార్ల షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో గుడ్డ జాడించడానికి మంచినీరు. నేలపై పడిన గుడ్డను మళ్లీ కారుకు తాకించవద్దు.

ఇక పరీక్ష. గీతపై నీరు చల్లినప్పుడు అది మాయమైతే పైపూతలోనే ఉన్నదన్నమాట. ఆరాక గోటిని అడ్డంగా మెల్లగా జరపండి. గోరు జారిపోతే ఒరపిడి. చిక్కుకుంటే లోతైనది, దాన్ని రుద్ది చెరపాలని చూడవద్దు.

ఒరపిడి అయితే కార్ల మెరుగుకై అమ్మే సన్నరకం పేస్టును బఠాణీ గింజంత తీసుకుని, మెత్తని స్పాంజితో, తేలిక ఒత్తిడితో జానెడు మేర రుద్దండి. ముందుగా కంటికి పడని మూలలో ప్రయత్నించడం మంచిది. అంచుల వద్ద, మడతల వద్ద పూత పలుచగా ఉంటుంది కనుక అక్కడ చేయి ఆపండి. తుడిచి, ఏటవాలు వెలుతురులో చూడండి. చాలావరకు పోయిందంటే అక్కడితో తృప్తిపడండి. గుడ్డకు కారు రంగు అంటిందంటే పారదర్శక పొర తొలిగిపోయిందని గుర్తు, వెంటనే మానండి. రంగు మీద పారదర్శక పూత లేని పాత అంబాసిడర్ వంటి బండ్లలో మాత్రం గుడ్డకు రంగు అంటడం సహజమే. చివరగా మైనపు పూత వేయండి. కొన్ని మైనాలు గీతలను నింపి దాచుతాయి. రెండు మూడు కడుగుళ్లకు అవి మళ్లీ బయటపడితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఇత్తడి బిందెను తళతళలాడించే చింతపండు, బూడిద, కొబ్బరిపీచు కారు దరిదాపులకు రాకూడదు.

గాటు సంగతి వేరు. అడుగున లోహం కనిపిస్తే అది అందానికి సంబంధించిన విషయం కాదు. బైలాడిలా ఖనిజం 1960ల చివరినుంచీ రైలుమార్గాన విశాఖపట్నానికి దిగివస్తున్నది, ఉక్కుగా మారుతున్నది. ఆ ఉక్కుకు నీరూ గాలీ తగిలితే మళ్లీ ఎర్రని ఇనుప ఆక్సైడు కావాలనే చూస్తుంది. దానికి తుప్పు అని పేరు. బస్తర్ వానాకాలంలో ఆ ప్రయాణం చాలా వేగంగా సాగుతుంది. కనుక జూన్ రాకముందే గాటులోని తుప్పును గీకి, అస్తరు వేసి ఆరనిచ్చి, కారు రంగు సంకేతానికి సరిపోయే రంగును పలుచని పొరలుగా అద్దండి. అతుకు కనిపించినా ఫరవాలేదు, రేకు నిలుస్తుంది.

పైపూత మనకు ఒక్కసారి ఇచ్చిన మూలధనం వంటిది. మెరుగుపెట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత ఖర్చవుతుంది, తిరిగి జమకాదు. కాబట్టి అడవినుంచి ఇంటికి రాగానే గుడ్డ వెతకకండి. ముందు బకెట్టు నీళ్లు వెతకండి.